నాలుగుకీ ఐదుకీ మధ్య తలుపు

జనవరి 28, శనివారం

బొత్తాం నొక్కి మాట్లాడితే ఇదే రాసుకుంటుందట. తేదీ కూడా అదే వేసుకుంటుందట. ఈ మోటెల్లో ఏడో నెంబరు గదిలో ఉండే కాలేజీ పిల్ల కావ్యశ్రీ నేర్పింది. "ఎవరికి పంపాలి అమ్మమ్మా?" అంది. ఎవరికీ పంపొద్దు, నా దగ్గరే ఉండాలి అన్నాను. "అయితే డైరీ అన్నమాట" అంది.

డైరీయో గియరీయో. ఇది నా కేసు. చల్లపల్లి బస్టాండు పక్కన పునుగుల బండి ఈశ్వరమ్మ కేసు. నాకు చదవడం రాదు, రాయడం రాదు, మాట్లాడటం వచ్చు. మాట్లాడాల్సిన మనిషితో మాట్లాడటానికి లేదు. అందుకని ఫోనుకి చెబుతున్నాను.

మొన్న గురువారం, ఈ కెనడాలో మా అమ్మాయి దమయంతి వాళ్లుండే ఏజాక్స్‌లో బయల్దేరాం. నేను ఇండియా వెళ్లిపోయేలోగా సముద్రం చూపిస్తారట, హాలిఫాక్స్‌లో. బందరు పక్కన పుట్టినదానికి సముద్రం చూపించడమేమిటే అన్నాను. "అది అట్లాంటిక్ అమ్మా" అంది దమయంతి. పిల్ల సరదా పడుతోంది కదా అని కారెక్కాను.

కార్లో ఎప్పటిలాగే అల్లుడుగారి సీటు వెనకాల నేను. అలాగైతే ఆయన మొహం నాకు కనపడదు, నా మొహం ఆయనకి కనపడదు. పైన అద్దం ఒకటుంటుంది కదా, అందులో కనపడతానేమోనని కొంగు ముందుకి లాక్కుంటాను. ముందు సీట్లో మనవడు ప్రజ్వల్, చెవుల్లో ఏవో పెట్టుకుని. నా పక్కన దమయంతి.

మా ఇళ్లల్లో అత్త అల్లుడికి ఎదురుపడదు. ఆయనతో మాట్లాడదు, ఆయన పేరు ఎత్తదు. మా అమ్మ చచ్చేదాకా మా ఆయనతో ఒక్క మాట అనలేదు. నేనూ అంతే. ప్రజ్వల్‌కి పన్నెండో ఏడు వచ్చింది, ఇంతవరకూ అల్లుడుగారికి నా గొంతు తెలియదు. చెప్పాల్సింది దమయంతికి చెబితే అది ఆయనకి చెబుతుంది. ఆయన చెప్పింది నాకు చెబుతుంది. ఊళ్లో అయితే తలుపు చాటు ఉంటుంది. ఏజాక్స్ ఇంట్లో వంటగదికి తలుపే లేదు. ఆయన మంచినీళ్లకి వస్తే నేను ఫ్రిజ్జు తలుపు తీసి దాని వెనకాల నిలబడేదాన్ని. "అత్తయ్యగారికి జలుబు చేస్తుందేమో, ఫ్రిజ్జు ముందు నిలబడొద్దని చెప్పు" అనేవారు గోడకేసి చూస్తూ. ఎంత మర్యాదో అనుకున్నాను. అప్పుడు.

దారిలో నాకు ఆకలేసింది. దమయంతి చెవిలో చెప్పాను. అది ముందుకి వంగి, "అమ్మకి ఏం వద్దటండీ, ఆపద్దంటోంది" అంది. నేను దాని తొడ మీద గిల్లాను. "చీకటి పడేలోగా చేరాలమ్మా" అంది. నిజమే. దాని ఆలోచన దానిది.

దారిలో దిగిన ఈ మోటెల్, అంటే రోడ్డు పక్క లాడ్జీ, అల్లుడుగారూ ఆయన స్నేహితుడు యోగానందూ కలిసి పోయినేడాది కొన్నారట. పాత హైవే మీద ఉంది. కొత్త హైవే వచ్చాక ఇటు కార్లు రావడం మానేశాయి. రైలు పెట్టెలా వరసగా గదులు, ప్రతి గది తలుపూ తిన్నగా బయటికే, ప్రతి తలుపు పక్కనా ఒక ఇనప కుర్చీ. పైన పెద్ద బాతు బొమ్మ, లైట్లతో. ఒక రెక్కే వెలుగుతుంది. డెబ్భై ఏళ్ల నాటిదట, ఊరివాళ్లు గొప్పగా చూసుకుంటారట, బాతుని తియ్యడానికి వీల్లేదట. మా బస్టాండు పక్కన లాడ్జీ కూడా అంత పాతదే, దానికెవరూ ఫోటో తియ్యరు.

నాకు నాలుగో నెంబరు గది ఇచ్చారు. గులాబిరంగు పలకల స్నానాలగది, తడిసిన కుక్క వాసన వేసే తివాచీ. ఐదో నెంబరు గదికీ నా గదికీ మధ్య గోడలో ఒక తలుపుంది. నా వైపు ఒకటి, దాని వెనక అటు వైపు ఒకటి, వీపుకి వీపు ఆనించినట్టు. గదికీ గదికీ మధ్య తలుపేమిటి, సిగ్గులేని కొంప. దానికి అడ్డంగా నా సూట్‌కేసు పెట్టాను.

ఆ రాత్రి ఇక్కడ అద్దెకుండే కాలేజీ పిల్లలు, అంతా మన తెలుగు పిల్లలే, గదికి ముగ్గురూ నలుగురూ ఉంటారు, బ్రెడ్డు తింటూ కనపడ్డారు. ఆఫీసు వెనకాల పెద్ద పొయ్యి ఉన్న వంటగది ఉంది. ఊరుకోలేకపోయాను. పప్పుచారు కాచి అన్నం వండాను. పిల్లలు పళ్లేలు నాకారు. అల్లుడుగారూ యోగానందూ గుమ్మం అవతల నిలబడి చూస్తున్నారు, నేను పొయ్యివైపు తిరిగిపోయాను.

నిన్న పొద్దున్న లేచేసరికి దమయంతి నా మంచం మీద కూర్చుని ఉంది. ముందు మంచు తుఫానుందట. ముసలిదాన్ని అంత దూరం తిప్పడం మంచిది కాదని ఆయన అంటున్నారట. వాళ్లు వెళ్లి రెండ్రోజుల్లో వచ్చేస్తారట, వచ్చేటప్పుడు నన్ను ఎక్కించుకుంటారట.

మరి తుఫానుంటే పసివాణ్ణెందుకు తీసుకెళ్తున్నారు అని అడుగుదామనుకునేసరికి కారు వెళ్లిపోయింది.

జనవరి 30, సోమవారం

నిన్న రావాలి. రాలేదు. దారి మూసేశారేమో.

యోగానంద్ నాతో మాట్లాడతాడు, వాడితో నాకు పట్టింపు లేదు. హైదరాబాదు మనిషి, డల్లాస్‌లో చాలాకాలం ఉండి వచ్చాడట. నోరు ఆగదు.

"ఆంటీ, మీ చేతిలో మ్యాజిక్ ఉంది ఆంటీ."

"మ్యాజిక్ కాదు బాబూ, చింతపండు. మావాళ్లు ఎప్పుడొస్తారు?"

"వచ్చేస్తారు ఆంటీ. ఈలోపు సాయంత్రం ఏం ప్లాన్ చేస్తున్నారు? పిల్లలు వాట్సాప్ గ్రూప్‌కి అమ్మమ్మ మెస్ అని పేరు పెట్టేశారు."

ప్లానట. గుత్తొంకాయ అడిగారట. ఇక్కడి వంకాయ పసిపిల్ల కాలంత ఉంటుంది, దానికి గుత్తేమిటి. కోసి వేయించి కారం చల్లాను. ఊరికే కూర్చోవడం చేతకాక చేశాను, ఎవరికోసమో కాదు.

ఫిబ్రవరి 1, బుధవారం

రాలేదు.

ఫిబ్రవరి 3, శుక్రవారం

మా చెల్లెలు సరోజ ఫోను చేసింది. నేనిటొచ్చినప్పట్నుంచీ నా బండి అదే నడుపుతోంది.

"అక్కా, ఎప్పుడొస్తావే? మోకాళ్లు వాచిపోయి నిలబడలేకపోతున్నా. పక్కన నూడుల్స్ బండి కుర్రాడు రోజుకో అడుగు ఇటు జరుగుతున్నాడు. ఇవాళ వాడి గొడుగు మన రేకు మీదకొచ్చింది."

"గొడుగు కర్ర పట్టుకుని విరిచెయ్."

"నువ్వైతే విరుస్తావు. నన్ను చూసి నవ్వుతున్నాడు."

టికెట్టు ఇరవై రెండో తారీకుకి ఉందిగా, శివరాత్రి వెళ్లిన నాలుగో రోజున బయల్దేరతాను, నా జాగా ఎవడు తీసుకుంటాడో చూస్తాను అన్నాను. మా ఆయన పోయాక ఆ జాగా కోసం ఎస్సైని నడిరోడ్డు మీద నిలదీసినదాన్ని. లారీ డ్రైవరు డబ్బులివ్వకుండా పోతుంటే కాలరు పట్టుకుని దింపినదాన్ని. దమయంతిని ఇంజినీరింగు చదివించింది ఆ మూకుడే.

సరోజ అడిగింది, "నువ్వెక్కడున్నావు ఇప్పుడు?" అని.

హోటల్లో ఉన్నాను, షికారుకొచ్చాం అన్నాను.

ఫిబ్రవరి 5, ఆదివారం

దమయంతి వచ్చింది. ప్రజ్వల్‌ని తీసుకొచ్చింది. అల్లుడుగారు రాలేదు.

హాలిఫాక్స్ నుంచి వేరే దారిలో ఏజాక్స్ వెళ్లిపోయారట. ఇటువైపు దారి మూసేశారట. పోనీలే ఇప్పుడొచ్చింది కదా అని లేచి సూట్‌కేసు సర్దబోయాను. అది కారు డిక్కీ తీసి నా రెండో సూట్‌కేసు దింపింది. ఏజాక్స్‌లో వదిలి వచ్చినది. తర్వాత గ్రైండరు దింపింది. తర్వాత నా చెప్పులు, నా దేవుడి పటం.

"ఇవెందుకే?"

"కొన్నాళ్లుండమ్మా."

నేను అరిచాను. ఎలా అరిచానో ఫోనులో మళ్లీ చెప్పను. కావ్యశ్రీ గదిలోంచి తొంగి చూసి తలుపేసుకుంది. అరిచినంతసేపూ దమయంతి కింద కూర్చుని నా కాళ్లు ఒళ్లో పెట్టుకుని పిక్కలు నొక్కుతూనే ఉంది. చిన్నప్పుడు రాత్రి బండి కట్టేసి వస్తే అలాగే నొక్కేది.

"ఆయన పంపనంటున్నారే. నేనేం చెయ్యను? ఏజాక్స్ ఇల్లు బ్యాంకులో పెట్టి ఇది కొన్నాం. గదుల్లో పొయ్యి పెట్టడానికి రూల్స్ ఒప్పుకోవు, తిండి బాలేదని పిల్లలు ఖాళీ చేసి పోతున్నారు. నువ్వొచ్చాక ఒక్కళ్లు కూడా వెళ్లలేదు."

"మరి నా బండో?"

"ఎన్నాళ్లమ్మా ఆ బండి? ఆ పొగలో, ఆ తాగుబోతుల మధ్య? తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు. ఇక్కడైతే నా దగ్గర ఉన్నట్టు."

"నీ దగ్గరా ఇది? నాలుగ్గంటల దూరం."

"చల్లపల్లి కంటే దగ్గరేగా."

పాస్‌పోర్టు ఏదే అని అడిగాను. ఆయన దగ్గరుందట. బీరువాలో పెట్టి తాళం వేశారట. నా బిడ్డ ఏడుస్తోంది. ఎలాంటి మొగుడి పాలపడింది. పైకి గోడకేసి చూసి మర్యాద మాటలు, లోపల ఇది. నా కేసు ఆయన మీదే. రాసుకో ఫోనూ, ఆయన మీదే.

వెళ్లేటప్పుడు ప్రజ్వల్ నన్ను కావలించుకుని, "మామ్ సెడ్ యు లైక్ ఇట్ హియర్" అన్నాడు. వాడి ఇంగ్లీషు వాడిది. లైకు అన్న ముక్క నాకు తెలుసు. ఎవరు చెప్పార్రా అని అడగలేదు. కారు స్టార్టయి ఉంది, పొగ వస్తోంది, చలి.

ఫిబ్రవరి 6, సోమవారం

ఇడ్లీ. వంట బాగా కుదిరింది. అది చెప్పడానికి కాదు తీసింది ఫోను. ఏం చెబుదామనుకున్నానో మర్చిపోయాను.

ఫిబ్రవరి 9, గురువారం

వెళ్లిపోదామని బయల్దేరాను. పిల్లలందరూ కాలేజీకి పోయారు. యోగానంద్ ఆఫీసులో ఫోనులో నవ్వుతున్నాడు. రెండు స్వెట్టర్లు, దాని మీద దమయంతి కోటు, కాళ్లకి బూట్లు. చేతిలో సంచి. సంచిలో రెండు చీరలూ దేవుడి పటమూ.

రోడ్డెక్కాక ఎటు వెళ్లాలో తెలియలేదు. అటు తెల్లగా ఉంది, ఇటు తెల్లగా ఉంది. బస్టాండు ఎక్కడా అని అడగడానికి మనిషి లేడు. మన ఊళ్లో రోడ్డు మీద నిలబడితే ఎటు వెళ్లాలో తెలియకపోయినా ఎవడో ఒకడు ఎటమ్మా అని అడుగుతాడు. ఇక్కడ ఒక లారీ వచ్చింది, మంచు నా మీద చిమ్మి వెళ్లిపోయింది. కాలరు పట్టుకోవడానికి కాలరే కనపడలేదు.

చాలాసేపు నడిచాననుకున్నాను. వెనక్కి తిరిగితే బాతు అక్కడే ఉంది.

కావ్యశ్రీ బస్సు దిగి నన్ను చూసి పరిగెత్తుకొచ్చింది. ఈ పిల్లది జగిత్యాల. పగలు కాలేజీ, సాయంత్రం నుంచి కాఫీ కొట్టులో పని.

"ఎటు పోతున్నవ్ అమ్మమ్మా?"

"చల్లపల్లికి."

ఆ పిల్ల నవ్వలేదు. నా చేతి తొడుగు తీసి వేళ్లు చూసి, "పా, ముందు వేడినీళ్లల్ల పెట్టాలె" అంది. గదిలోకి తీసుకొచ్చి బకెట్టులో నీళ్లు పట్టింది. వేళ్లు మంటెక్కాయి. అప్పుడు ఏడ్చాను. మంటకి.

"నేను సుత పోదామనే అనుకుంటా రోజు" అంది. "ఎటు పోతా? కట్టిన ఫీజు ఇక్కడనే ఉన్నది. ఇంటికి ఫోన్ చేస్తే మంచిగున్న అంటా."

నేను కూడా సరోజకి షికారు అని చెప్పాను. ఆ సంగతి దానికి చెప్పలేదు.

ఫిబ్రవరి 10, శుక్రవారం

యోగానంద్‌కి తెలిసింది. "ఆంటీ, అలా వెళ్తే ఎలా ఆంటీ, మీకేమైనా అయితే మీ అల్లుడికి నేనేం చెప్పాలి?" అన్నాడు.

"ఏం చెబుతావు? వంటమనిషి పారిపోయిందని చెప్పు."

"ఛ ఛ, మీరు ఫ్యామిలీ ఆంటీ."

ఇవాళ ఉప్పు ఎక్కువేశాను. కావాలనే. పిల్లలు ఒక్కళ్లు కూడా ఏమీ అనలేదు, నీళ్లు తాగుతూ తినేశారు. రేపట్నుంచి అలా చెయ్యకూడదు.

ఫిబ్రవరి 12, ఆదివారం

కేసు తయారుచేసుకుంటున్నాను. అల్లుడుగారి ముందు ఎవరైనా నా తరఫున చెప్పాలి కదా. ఏం చెప్పాలో ఇందులో చెబుతాను, వరస కుదిరాక ఎవరిచేతనైనా చెప్పిస్తాను.

మొదట: నేను మీకు పిల్లనిచ్చాను, మీ ఇంటికి పనిమనిషినివ్వలేదు.

తర్వాత: మీ ఇంట్లో నేను ఊరికే తినలేదు. కూతురింట్లో ఊరికే తినడం మాకు లేదు. ఏజాక్స్‌లో దిగిన రోజునుంచీ వండాను, తోమాను, ప్రజ్వల్ బట్టలు మడతపెట్టాను. అది అలుసయిందా మీకు?

తర్వాత: నా పాస్‌పోర్టు.

ఇక్కడిదాకా వచ్చాక ఆగిపోయాను. చెప్పేదెవరు? దమయంతి చెప్పలేదు, దాన్ని ఆయన బతకనివ్వరు. యోగానంద్ ఆయన మనిషి. కావ్యశ్రీ వాళ్ల గదిలో అద్దెకుండే పిల్ల, వెళ్లగొడితే ఎటు పోతుంది.

కావ్యశ్రీ అంది, "నువ్వే అడగొచ్చు గద అమ్మమ్మా ఆయన్ని."

"అల్లుణ్ణి అడుగుతారటే ఎవరైనా!"

"ఎప్పుడన్న ఒక్కసారన్న ఆయన నోటితోని ఏమన్నడో ఇన్నవా నువ్వు?"

వినకపోవడమేమిటి, దమయంతి చెప్పిందిగా అన్నాను.

ఆ పిల్ల నా వంక చూసింది. లేచి గిన్నెలు తీసింది. దాని చూపు నాకు నచ్చలేదు. వయసుకి మించిన చూపులు.

ఫిబ్రవరి 15, బుధవారం

దమయంతికి ఫోను చేశాను. వారం తిరిగితే టికెట్టు తారీకు, నన్నెప్పుడు తీసుకెళ్తారు అన్నాను.

"ఆయనకి చెప్పానమ్మా. కోప్పడుతున్నారు. ఇప్పుడు ఆ మాట ఎత్తకు."

"ఫోను ఆయన దగ్గర పెట్టు. నేను మాట్లాడను. మాట్లాడను గానీ ఆయన ఏమంటారో వింటాను."



"ఆయన స్నానంలో ఉన్నారు" అంది.

వెనకాల అల్లుడుగారి గొంతు వినపడింది. ప్రజ్వల్‌ని లెక్కలు అడుగుతున్నారు. స్నానాలగదిలోంచే అడుగుతున్నారు కాబోలు. పెద్ద ఇల్లు, గొంతు వినపడుతుంది ఎక్కడినుంచైనా.

శనివారం ఆయన ఇక్కడికొస్తున్నారట, ఐదో నెంబరు గదిలో హీటరు బాగుచెయ్యడానికి. యోగానంద్ చెప్పాడు. దమయంతి చెప్పలేదు. మర్చిపోయి ఉంటుంది.

ఫిబ్రవరి 18, శనివారం

శివరాత్రి. ఉపవాసం.

మధ్యాహ్నం కారు వచ్చింది. కిటికీ తెర సందులోంచి చూశాను. ఆయన ఒక్కరే. చేతిలో పనిముట్ల పెట్టె. ఐదో నెంబరు తలుపు తీసిన శబ్దం, తర్వాత ఇనుము మీద ఇనుము చప్పుడు. యోగానంద్ టొరంటో వెళ్లాడు. పిల్లలు పనుల్లోకి పోయారు. ఈ వరస మొత్తంలో ఆయనా నేనూ, మధ్యలో గోడ.

మంచం మీద కూర్చున్నాను. లేచాను. మళ్లీ కూర్చున్నాను. పటం ముందు దీపం పెట్టాను, యోగానంద్ వద్దన్నా. అప్పుడు సూట్‌కేసు జరిపి నా వైపు తలుపు తీశాను. ఎదురుగా ఆయన వైపు తలుపు, మూసి ఉంది. దాని మీద చెయ్యి వెయ్యడానికి నా చెయ్యి లేవలేదు. ఎస్సై మీదకి లేచిన చెయ్యి.

కొట్టాను.

చప్పుడు ఆగింది. "ఎవరూ?" ఇంగ్లీషులో ఇంకేదో కూడా అన్నారు.

"నేను. దమయంతి తల్లిని."

లోపల ఏదో బరువైనది కింద పడింది.

"అత్తయ్యగారూ!" అన్నారు. గోడకేసి కాదు, తలుపుకేసి అన్నట్టు వినపడింది. "దమయంతి రాలేదండీ. నేనొక్కణ్ణే వచ్చాను. మీకేమైనా కావాలంటే తనకి ఫోన్ చేసి…"

"దమయంతితో కాదు. మీతోనే."

ఇన్నాళ్లూ వరసగా తయారుచేసుకున్నదంతా ఎటో పోయింది. పిల్లనిచ్చాననీ లేదు, వండాననీ లేదు. ఒక్కటే వచ్చింది.

"నన్నెందుకు ఇక్కడ కట్టేశారు బాబూ?"

హీటరు టకటక కొట్టుకుంది. నా గదిలోది.

"కట్టెయ్యడమేంటండీ? మీరే కదా ఉంటానన్నారు."

"ఎవరూ?"

"మీరేనండీ. ఏజాక్స్‌లో తోచడం లేదు, పిల్లల మధ్య బావుంది, కొన్నాళ్లు వండి పెడతాను, ఇప్పుడే వెళ్లనన్నారని దమయంతి చెప్పింది. నాకు అసలు ఇష్టం లేదు. పెద్దవారు, ఈ చలి, ఈ పాత గదులు. వద్దన్నాను. ‘మా అమ్మ మొండిది, కాదంటే బాధపడుతుంది’ అంది. టికెట్ కూడా మీరే కేన్సిల్ చేయించమన్నారంటే చేయించాను."

"నా పాస్‌పోర్టు?"

"తన హ్యాండ్‌బ్యాగులో ఉంటుంది కదండీ. నేనెప్పుడూ చూడలేదు."

నేను కింద కూర్చున్నాను. ఆ కుక్క వాసన తివాచీ మీద. గడపకి అటు ఆయన కూడా కూర్చున్నారనుకుంటాను, గొంతు కిందినుంచి వచ్చింది.

"అత్తయ్యగారూ. మీరు ఆ మాట అనలేదా?"

ఆ క్షణం నేను ఏమేమి అనుకున్నానో అన్నీ చెబుదామని ఇప్పుడు బొత్తాం నొక్కాను. చెప్పలేకపోతున్నాను. కార్లో ఆకలేస్తోందని చెప్పింది గుర్తొచ్చింది. స్నానం గుర్తొచ్చింది. నా కాళ్లు ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది చూడు, అది గుర్తొచ్చింది. అది దొంగ ఏడుపు కాదు. నాకు తెలుసు, నేను కన్నాను దాన్ని. నిజంగానే ఏడ్చింది, ఏడుస్తూనే అబద్ధం చెప్పింది.

అనలేదు అని ఒక్క మాట అంటే నా కేసు నెగ్గుతుంది. నెగ్గి ఈయన ఏజాక్స్ వెళ్లి తలుపు తీస్తారు. పన్నెండేళ్ల పిల్లాడు చెవుల్లోవి తీసి వింటాడు.

"అన్నాను" అన్నాను.

అటు పనిముట్ల పెట్టె మూత పడిన చప్పుడైంది.

"అప్పుడు అన్నాను. ఇప్పుడు వెళ్లిపోతానంటున్నాను. ముసలాళ్లం కదా బాబూ, పూటకో మాట. ఏమనుకోకండి."

పూటకో మాట అనే మనిషిని కాదు నేను. చల్లపల్లిలో ఎవర్నైనా అడగండి.

"సరేనండీ" అన్నారు. ఆయన నమ్మలేదు. నమ్మినట్టు ఉన్నారు. మర్యాద ఉన్న మనిషే. "రేపు పొద్దున్నే తీసుకెళ్తాను. ఇంకో టికెట్ తీస్తాను. పాస్‌పోర్టు నేనే తీసి మీ చేతికిస్తాను."

"మీరు తియ్యొద్దు. అదే ఇవ్వాలి నాకు."

"అలాగేనండీ." తర్వాత, "ఈ తలుపు తియ్యమంటారా?" అన్నారు.

వద్దన్నాను. ఒక్కరోజుకి అంత చాలు.

ఫిబ్రవరి 19, ఆదివారం

పొద్దున్న యోగానంద్ వచ్చాడు, మొహం వేలాడేసుకుని. "మరి పిల్లల తిండి ఎలా ఆంటీ?"

"వంటగది తాళం ఇటు తే."

"ఎందుకు ఆంటీ?"

"తే అన్నానా." తీసుకుని కావ్యశ్రీ చేతిలో పెట్టాను. "గదుల్లో పొయ్యి పెట్టకూడదు గానీ ఇక్కడ పెట్టొచ్చుగా. ఇన్నాళ్లూ వీళ్లకి తాళమెందుకివ్వలేదు? పప్పుచారు, కూర, పులుసు ఈ పిల్లకి వచ్చు, నేను నేర్పాను. వంతులేసుకుని వండుకుంటారు. మళ్లీ లాక్కున్నావని తెలిస్తే చల్లపల్లి నుంచి ఫోను చేస్తాను."

"ఫోనా!" అన్నాడు. నా నోరు వాడికిప్పటికే రెండుసార్లు తగిలింది.

కావ్యశ్రీ సంచి కార్లో పెట్టింది. "డైరీ మొత్తం ఒకసారి చదివి వినిపియ్యనా అమ్మమ్మా?" అంది. సరే అని ఫోను ఇచ్చి, మళ్లీ తీసేసుకున్నాను. నేను చెప్పిందే కదా, నాకు తెలియదా.

ఇంటికి ఫోను చేస్తే నిజం చెప్పు అన్నాను. "నువ్వు చెప్తవా?" అంది. ఆ నోరు నాకు నచ్చుతుంది.

వెనక సీటు తలుపు తీసి నిలబడ్డాను. నా చోటు, డ్రైవరు వెనకాల. ఆయన అప్పటికే స్టీరింగు ముందు కూర్చుని తిన్నగా రోడ్డుకేసి చూస్తున్నారు. దమయంతి లేదు. ప్రజ్వల్ లేడు. వెనకాల కూర్చుంటే నేను చెప్పేది ఎవరికి చెప్పాలి, ఆయన చెప్పేది ఎవరు మోసుకొస్తారు? తలుపు వేసి చుట్టూ తిరిగి వెళ్లి ముందు సీట్లో కూర్చున్నాను. బెల్టు పెట్టుకోవడం చేతకాలేదు. ఆయన చూసీ చూడనట్టు చెయ్యి చాపి కొక్కెం ఎక్కడ గుచ్చాలో చూపించారు.

మంచు, చెట్లు, మంచు. కొంగు జారింది, లాక్కోలేదు. పోయి పోయి కడుపులో నకనకలాడింది. నిన్నటి ఉపవాసం మీద ఇవాళ ఏమీ పడలేదు. పక్కకి తిరిగి చూశాను. కణతల దగ్గర జుట్టు నెరిసింది ఆయనకి. నాకు తెలియదు.

"ఆకలేస్తోంది బాబూ" అన్నాను. "ఎక్కడైనా ఆపండి."

"అయ్యో, ముందే చెప్పాల్సిందండీ" అన్నారు.

ముందే చెప్పాను.

అది మాత్రం అనలేదు.

ఇదిగో, పెట్రోలు బంకు దగ్గర ఆపారు. ఆయన లోపలికెళ్లారు. ఈ సందులో ఇది చెబుతున్నాను. ఏజాక్స్ ఇంకా రెండు గంటలట. దమయంతి తలుపు తీస్తుంది. దాని మొహం చూడగానే ఏమంటానో నాకు తెలియదు. ఏమన్నా ఇందులో చెప్పను, అది కేసు కాదు. పాస్‌పోర్టు ఇమ్మంటాను, ముందు అది. తర్వాత అన్నం పెట్టమంటాను. వండను. కూర్చుని పెట్టించుకుంటాను.

ఆయన వస్తున్నారు. రెండు చేతుల్లో రెండు కప్పులు, చంకలో పొట్లం, మంచులో జారకుండా చూసుకుంటూ. చేతులు ఖాళీ లేవు, తలుపు తియ్యలేరు. నేనే తియ్యాలి.